పట్టించుకోకపోయినా బతికే మొక్కలు

మొన్న శనివారం లిఫ్టులో మా ఎదురింటి అమ్మాయి కలిసింది. విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడి యూనివర్సిటీలో ఏదో పరిశోధన చేసుకుంటోంది; మొగుడూ పెళ్ళాలిద్దరూ పొద్దున్న వెళితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకి గానీ ఇల్లు చేరరు. నేను నర్సరీలో పనిచేసినదాన్నని ఎవరు చెప్పారో గానీ, కూరగాయల సంచిని ఒక చేతిలోంచి మరో చేతిలోకి మార్చుకుంటూ ఎంతో మర్యాదగా అడిగింది: "ఆంటీ, మాకు అస్సలు టైమ్ ఉండదండీ. నీళ్ళు పోయడం మర్చిపోయినా, నెల రోజులు ఊరెళ్ళిపోయినా చచ్చిపోకుండా ఉండే మొక్కలేవైనా చెప్పరా? గుమ్మం ముందు పచ్చగా కనిపిస్తే చాలు." ఎన్ని వందల మందికో తడుముకోకుండా జవాబు చెప్పిన ప్రశ్న అది. ఆ పూట మాత్రం, చూసి చెప్తానమ్మా అని ఏదో గొణిగి, మా అంతస్తు రాకముందే దిగిపోయి, మోకాళ్ళు మొరాయిస్తున్నా రెండంతస్తులు మెట్లెక్కి ఇంటికి చేరాను. ఆ పిల్ల ఏమనుకుందో ఏమో. నా ఈడు వాళ్ళకి చెప్పుకుంటే కాస్త బరువు తగ్గుతుందేమోనని ఇది రాస్తున్నాను. తగ్గుతుందన్న నమ్మకం నాకేమీ లేదు.

మా తాతగారు శ్రీకాకుళం సముద్రతీరం నుంచి ఓడెక్కి మలయా రబ్బరు తోటలకి వచ్చినవారు. ఆ తోటల్లోంచి మా నాన్న సింగపూరు రేవులో పనికి కుదిరి ఇక్కడే స్థిరపడ్డాడు. అక్కా నేనూ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. మా ఇంటి తెలుగు తాతగారు ఓడ దిగిన నాడే ఆగిపోయిందని, దానికి తోడు సగం అరవం, పావు మలయ్ కలిసిందని ఇండియా నుంచి వచ్చిన చుట్టాలు నవ్వేవారు. నవ్వనీ, మా మాట మాకు తీపి. నాకు ఐదేళ్ళప్పుడు అమ్మ పోయింది. అక్కకి అప్పటికి పదమూడు నిండలేదు. నాకు జడ వేసింది, అన్నం కలిపి పెట్టింది, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసింది, చదవకపోతే వీపు మీద రెండు వేసింది, అన్నీ ఆవిడే. అమ్మ ముఖం నాకు గుర్తు లేదు. అమ్మ అనగానే నాకు కళ్ళ ముందు కదిలేది, పెద్దవాళ్ళ చీర పొడుగెక్కువై కుచ్చిళ్ళు బొడ్డు దగ్గర ఉండలా దోపుకుని తిరిగే ఆ పదమూడేళ్ళ పిల్లే.

నేను నర్సరీలో చేరింది మా అబ్బాయి కాస్త పెద్దవాడయ్యాక. క్రాంజీలో, బస్సు దిగి చాలా దూరం నడిస్తే గానీ రాని తోట అది. చుట్టూ పొలాలు, కార్మికుల బసలు, మరో పక్క యుద్ధంలో పోయిన సైనికుల సమాధులు తప్ప ఇళ్ళంటూ ఉండేవి కావు. యజమాని ఒక చీనాయన. ఇక్కడ యజమానిని తౌకే అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. ఆయనకి నాలుగు ముక్కల ఇంగ్లీషు, నాకు నాలుగు ముక్కల మలయ్, మిగతాదంతా చేతులతో చూపించుకోవడమే. అయినా మొక్కల గురించి ఆయన నేర్పినంత నాకు ఏ బడిలోనూ ఎవరూ నేర్పలేదు. మొదటి ఏడాదంతా నీళ్ళ గొట్టం నా చేతికివ్వలేదు. నీళ్ళు పోయడం ఎవడికైనా వచ్చు, ఎప్పుడు పోయకూడదో తెలిశాక అడుగు, అని సైగలతో చెప్పాడు. రోజూ కుండీ మట్టిలో వేలు రెండో కణుపు దాకా గుచ్చి చూడమనేవాడు. గుచ్చగా గుచ్చగా, మట్టిని ముట్టుకుంటే దానికి నీళ్ళు తగిలి ఎన్ని రోజులయిందో చెప్పగలిగేదాకా వచ్చాను. గోళ్ళ సందుల్లో మట్టి మాత్రం ఆ ఇరవై ఏళ్ళూ పోలేదు, పెళ్ళిళ్ళకి వెళ్ళినా చేతులు కొంగు చాటున పెట్టుకునేదాన్ని.

నర్సరీకి వచ్చేవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది అడిగేది ఒక్కటే, ఏది చావదు అని. ఫ్లాట్లలో ఉండేవాళ్ళు, పనుల్లో పడి కొట్టుకునేవాళ్ళు, మొక్కంటే ఇష్టమే గానీ తీరిక లేనివాళ్ళు. వాళ్ళని చూస్తే నాకు ముచ్చటేసేది. పువ్వు చూసి మోజు పడకండి, కింద ఏముందో చూడండి అనేదాన్ని. ఆకు దళసరిగా ఉండాలి, వంచితే పుటుక్కుమనాలి, వేలాడకూడదు. వేరు దగ్గర దుంప ఉంటే మరీ మంచిది, నీళ్ళు అందులో దాచుకుంటుంది. పాము పడగలా నిటారుగా లేచే స్నేక్ ప్లాంట్, మట్టిలో బంగాళాదుంపల్లాంటి దుంపలు పెట్టుకుని ఆకులు నూనె రాసినట్టు మెరిసే జెడ్‌జెడ్ మొక్క, బొజ్జ పెంచుకుని కూర్చునే ఎడారి గులాబీ, కలబంద, చీకటి మూలలోనైనా పాకే మనీ ప్లాంట్. ఎండ తగిలే చోటయితే నూరు వరహాలు, కాగితం పూలు. నాటిన ఏటికంటే మరుసటి ఏటికి బలపడతాయి, ఆ పైన మీరు మర్చిపోయినా అవి మిమ్మల్ని మర్చిపోవు అని చెప్పేదాన్ని. ఆ మాట నేనే కల్పించుకున్నాను, ఎంత బాగా చెప్పానో అని మురిసిపోయేదాన్ని కూడా. మరీ అడిగితే కుండీ కింద పళ్ళెం పెట్టొద్దని, నీళ్ళు నిలిస్తే దోమలు పుడతాయని జాగ్రత్త చెప్పి పంపేదాన్ని. నా చేత్తో ఇచ్చిన మొక్క చచ్చిందని వెనక్కి వచ్చినవాళ్ళు లేరు. తౌకే నన్ను చూపించి, ఈవిడ దగ్గర అడగండి, ఈవిడకి చావు లేని మొక్కలు తెలుసు అని నవ్వేవాడు.

అక్క తోట దీనికి పూర్తిగా వ్యతిరేకం. యీషున్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్ ఆవిడది. పిల్లల్లేరు. బావగారు పోయాక ఒక్కతే ఉండేది. గుమ్మం ముందు కారిడార్‌లో గోడ వారగా పది పన్నెండు కుండీలు, అందులో ఒక్కటీ ఒక్క పూట ఓర్చుకునే మొక్క కాదు. తులసి, కనకాంబరం, పుదీనా, కొత్తిమీర, ఎప్పుడు పూస్తుందో దానికే తెలియని ఒక మల్లె. ఆ కారిడార్‌లోకి వాన జల్లు రాదు గానీ మధ్యాహ్నం ఎండ మాత్రం తిన్నగా కొడుతుంది. రెండు పూటలా నీళ్ళు పడితే తప్ప నిలవవు. పొద్దున్నే స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, తులసికి చెంబుతో నీళ్ళు పోసి, గుమ్మంలో నాలుగు గీతలు ముగ్గు పెట్టి, సాయంత్రం మళ్ళీ బకెట్టు మోసేది. పక్క ఫ్లాట్ మలయ్ ఆవిడ, మాచిక్ అంటారు ఇక్కడ పెద్ద వయసు మలయ్ ఆడవాళ్ళని, వెళుతూ వస్తూ పుదీనా తుంచుకునేది, ఆవిడ వండిన కూర గిన్నెలో తెచ్చి తలుపు ముందున్న ఇనప గేటు ఊచల మధ్య నుంచి అందించేది. మాంసం తగలనిదే తెచ్చేది పాపం, అక్క కోసం గిన్నె కూడా వేరుగా పెట్టింది.

ఒకసారి అక్కకి దోమకాటు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమేలే అని ఎవరికీ చెప్పకుండా మంచం మీద పడుకుంది. రెండో రోజు సాయంత్రం మాచిక్ పుదీనా కోసం వచ్చి చూస్తే కనకాంబరాలు తలలు వాల్చేశాయి, తులసి ఆకులు ముడుచుకున్నాయి. ఈ మనిషి ఉండగా ఈ మొక్కలు ఇలా ఉండవే అని గేటు బాదింది. పలకకపోతే మళ్ళీ బాదింది. చివరికి అక్క గోడ పట్టుకుని వచ్చి తలుపు తీసి, అక్కడే కూలబడింది. ఆస్పత్రిలో వారం పైన ఉంచారు, ఇంకొక్క రోజు ఆలస్యమయితే కష్టమయ్యేదన్నారు. తర్వాత ఏడాది పొడుగునా మా ఇంట్లో అదే కబురు. తులసమ్మే వెళ్ళి మాచిక్‌ని పిలుచుకొచ్చిందని అక్క వచ్చినవాళ్ళందరికీ చెప్పేది, మేం నవ్వేవాళ్ళం.

అందరూ విన్నారు, నేనూ విన్నాను. విన్నవాళ్ళలో మొక్కల గురించి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, దాని అర్థం తలకిందులుగా తీసుకున్నదాన్నీ నేనే. ఒంట్లో బాగాలేని మనిషికి ఇన్ని నాజూకు మొక్కలెందుకు, ఇవి ఆవిడని తినేస్తున్నాయి అనుకున్నాను. నిజానికి అప్పటికే అక్క మోకాళ్ళు అరిగిపోయాయి. ముగ్గుకి వంగితే లేవడానికి గేటు పట్టుకునేది. బకెట్టు మోయలేక చెంబుతో పదిసార్లు తిరిగేది. నేను వెళ్ళినప్పుడల్లా ఆ నీళ్ళు మోసేది నేనే, పురుగు పట్టిన ఆకులు గిల్లేది నేనే, మట్టి మార్చేది నేనే. వారమంతా ఊరి వాళ్ళ కుండీలు మోసి, ఆదివారం అక్క కుండీలు మోయాలా అని నాకు లోపల విసుగు. పైకి అక్క కోసం అన్నాను. సగం నా కోసం. ఈ సగం అప్పుడు నాకే తెలియలేదని రాస్తే బాగుంటుంది గానీ, తెలుసు.

ఒక ఆదివారం తౌకేని అడిగి నర్సరీ వ్యాన్‌లో ఎనిమిది కుండీలు వేసుకుని యీషున్ వెళ్ళాను. స్నేక్ ప్లాంట్లు నాలుగు, జెడ్‌జెడ్ మొక్కలు మూడు, ఒక కలబంద. అన్నీ నేనే ఏరాను, దుంపలు నిండుగా ఉన్నవి, నెల రోజులు నీళ్ళు లేకపోయినా చెక్కు చెదరనివి. లిటిల్ ఇండియాలో ఆగి గుమ్మంలో అంటించే స్టిక్కర్ ముగ్గు ఒకటి, ప్లాస్టిక్ మావిడాకుల తోరణం ఒకటి కొన్నాను. అక్క గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, నేను కనకాంబరాలు, పుదీనా, మల్లె అన్నీ పెకలించి సంచిలో వేస్తుంటే చూస్తూ ఉంది.

"ఏటే ఇవి? పువ్వు లేదు, వాసన లేదు. క్లినిక్ ముందర పెట్టినట్టున్నాయి," అంది.

నీకు పని తగ్గుతుందక్కా, నెలకోసారి చెంబెడు నీళ్ళు చాలు, అన్నాను. సరే అన్నట్టు తలూపింది. తులసి కుండీ మీద చెయ్యి వేసేసరికి మాత్రం లేచి నిలబడింది.

"తులసి జోలికి రాకే. తులసి లేకపోతే గుమ్మం గుమ్మమేనేటే?"

అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. ఎండిన తులసి గుమ్మంలో ఉంటే ఇంటికి మంచిదా అక్కా, అన్నాను. మొన్న జ్వరమప్పుడు వాడిపోయింది, రేపు నీకు మళ్ళీ ఒంట్లో బాగాలేకపోతే నిలువునా ఎండుతుంది, ఆ పాపం ఎందుకు నెత్తినేసుకుంటావు, నా దగ్గరయితే రోజూ నీళ్ళు పడతాయి, పచ్చగా ఉంటుంది, అన్నాను. మన ఆడవాళ్ళ దగ్గర ఆ మాటకి తిరుగు లేదు. ఎండిన తులసి గుమ్మంలో ఉండకూడదన్నది అమ్మ నుంచి అక్కకి, అక్క నుంచి నాకు వచ్చిన మాటే. ఆవిడ మాటతోనే ఆవిడని కట్టేశాను. అక్క కొంగు నడుముకి చుట్టుకుని, తులసికి దణ్ణం పెట్టుకుని, "సరేలే, తీసుకుపో. నీకు తెలిసినంత నాకేటి తెలుసు," అంది. చదువు చెప్పించిన మనిషి ఆ మాటంటే గర్వపడాలో సిగ్గుపడాలో తెలియక, తులసి కుండీ ఒళ్ళో పెట్టుకుని వ్యాన్ ఎక్కాను.

ఆ రోజు నుంచి అక్క గుమ్మం ఎప్పుడు చూసినా ఇప్పుడే కడిగి అలంకరించినట్టు ఉండేది. చెరగని ముగ్గు, వాడని తోరణం, వాలని మొక్కలు. కారిడార్‌లో వాళ్ళంతా మెచ్చుకున్నారు, ఇద్దరు ముగ్గురు నా దగ్గరే అవే మొక్కలు తెప్పించుకున్నారు. నేను చేతులు దులుపుకున్నాను. క్రాంజీ స్టేషన్‌లో ఒక పక్క రైలెక్కితే అయిదారు స్టేషన్లలో అక్క ఇల్లు, ఎదురు పక్క రైలెక్కితే జురాంగ్ వైపు మా ఇల్లు. నీళ్ళు మోసే పని ఉన్నన్నాళ్ళూ వారానికోసారి అటు ఎక్కేదాన్ని. ఆ పని పోయాక రెండు వారాలకోసారి అయింది, తర్వాత నెలకోసారి. వెళ్ళినా చెయ్యడానికి ఏమీ ఉండేది కాదు. ఆకుల మీద దుమ్ము తుడిచి, టీ తాగి, గోడ మీద బావగారి ఫోటో చూసి, వస్తానక్కా అని లేచేదాన్ని. అప్పుడే వెళ్ళిపోతావా అని ఆవిడ ఎప్పుడూ అనలేదు. గేటు దాకా వచ్చి, నేను లిఫ్టు ఎక్కేదాకా ఊచలు పట్టుకుని నిలబడేది.

అలా రెండేళ్ళు గడిచాయి. ఆ వారం గురువారం మధ్యాహ్నం భోజనాల వేళ అక్కకి ఫోన్ చేశాను, తియ్యలేదు. స్నానంలో ఉందేమో అనుకున్నాను. శుక్రవారం మళ్ళీ చేశాను, రెండుసార్లు. తియ్యలేదు. శుక్రవారాలు గుడికి వెళ్ళే అలవాటు ఉంది గనుక గుళ్ళో ఉందేమో అనుకున్నాను గానీ, ఎందుకో మనసు ఊరుకోక మాచిక్‌కి ఫోన్ చేశాను. ఆవిడ లైన్‌లో ఉండగానే చెప్పులేసుకుని బయటికి వెళ్ళిన చప్పుడు, గేటు మీద రెండు మూడుసార్లు తట్టిన చప్పుడు నాకు వినిపించాయి. వచ్చీరాని ఇంగ్లీషులో, మలయ్ కలిపి, ఇక్కడి అలవాటుగా మాట చివర 'లా' తగిలిస్తూ చెప్పింది: "ఓకే లా, ఏం లేదు. గేటు వేసుంది, పలకలేదు, గుడికో మార్కెట్‌కో పోయుంటుంది. చెట్లన్నీ పచ్చగా ఉన్నాయి, ముగ్గు కూడా చక్కగా ఉంది. భయపడకు లా."

నాకు ఊపిరి తిరిగింది. అంతే, హాయిగా ఊపిరి తిరిగింది. ఆ మొక్కలు ఏరినదాన్ని నేను. నెల రోజులు నీళ్ళు లేకపోయినా పచ్చగా ఉంటాయని పదిమందికి రోజూ చెప్పేదాన్ని నేను. పచ్చగా ఉన్నాయన్న కబురు విని మనిషి క్షేమంగా ఉందనుకున్నదాన్నీ నేనే. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, అక్క దగ్గర్నుంచి తెచ్చిన తులసికి మర్చిపోకుండా నీళ్ళు పోశాను.

శనివారం కూడా ఫోన్ తియ్యకపోయేసరికి, ఆదివారం పొద్దున్నే మా అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను. లిఫ్టు దిగి మలుపు తిరగ్గానే గుమ్మం కనిపించింది, ఎప్పటిలాగే కళకళలాడుతూ. ఒక్క క్షణం నాకు నిజంగా ధైర్యం వచ్చింది. గేటు దగ్గరికి వెళ్ళాక లోపలి నుంచి వచ్చిన వాసన నేనిక్కడ రాయను. మా అబ్బాయి నన్ను భుజాలు పట్టుకుని వెనక్కి లాగి, మాచిక్ ఇంట్లో కూర్చోబెట్టి, పోలీసులకి ఫోన్ చేశాడు. తాళం కోసి లోపలికి వెళ్ళారు. అక్క స్నానాల గదిలో పడి ఉంది. జారి పడిందట, తుంటి విరిగిందట. గడప దాకా పాకి వచ్చింది. ఒక చెయ్యి వంటింటి గచ్చు మీదికి చాపి ఉందని మా అబ్బాయి చాలా రోజుల తర్వాత గానీ నాకు చెప్పలేదు.

పోలీసుల్లో ఒక చిన్నవాడు, ఇండియన్ పిల్లాడే, పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చి ఎంతో మెత్తగా అడిగాడు. "ఆంటీ, చివరిసారి ఎప్పుడు బయటికి వచ్చారో తెలుస్తుందా? ప్లాంట్స్‌కి నీళ్ళు ఎప్పుడు పోసుంటారు?" నేను లేచి వెళ్ళి కుండీలో వేలు గుచ్చాను. రెండో కణుపు దాకా పొడి మట్టే. రెండో కుండీలో, మూడో కుండీలో, ఎనిమిదింటిలోనూ గుచ్చాను. అన్నీ ఇసుకలా ఉన్నాయి. ఆకులు మాత్రం నిగనిగలాడుతున్నాయి. వారమా, నెలా, ఏమీ తెలియలేదు. మట్టి ముట్టుకుని రోజులు లెక్క చెప్పగలదాన్నని పేరు పడినదాన్ని ఆ పిల్లాడి ముందు గోళ్ళ నిండా మట్టితో, తెలియదు బాబూ అని నిలబడ్డాను.

తర్వాత డాక్టరు చెప్పినదాన్ని బట్టి ఆవిడ పడింది మంగళవారం. పడగానే పోయిందా అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. కచ్చితంగా చెప్పలేనన్నాడు, ఒక రోజు ఉండొచ్చు, రెండు రోజులు కూడా ఉండొచ్చు అన్నాడు. నాకా లెక్క చాలు. మంగళవారం పొద్దున నీళ్ళు తగలకపోతే ఆ ఎండకి పుదీనా సాయంత్రానికే వాలిపోతుంది, కనకాంబరం బుధవారం మధ్యాహ్నానికి తల వేలాడేస్తుంది, బుధవారం సాయంత్రానికి తులసిని చూసిన పసిపిల్లకైనా తెలుస్తుంది. మాచిక్ గేటు బాదేది. పలక్కపోతే బద్దలు కొట్టించేది. ఆవిడ సంగతి నాకు తెలుసు. ఆ లెక్క వెయ్యిసార్లు వేశాను, ఎటు నుంచి వేసినా బుధవారం దగ్గరే ఆగుతుంది.

మాచిక్ ఆ రోజు నా చేతులు పట్టుకుని ఏడ్చిన ఏడుపు చెప్పలేను. "రోజూ చూశాను లా, రోజూ చూస్తూనే ఉన్నాను," అనేది, మళ్ళీ అదే అనేది. ఆవిడ తప్పేమీ లేదని చెప్పాను. అసలు సంగతి మాత్రం చెప్పలేదు. ఆవిడ రోజూ చూసేదాన్ని నేనే తీసుకుపోయానని, చూసినా ఏమీ తెలియని మొక్కలు ఆ స్థానంలో పెట్టానని చెప్పే ధైర్యం నాకు రాలేదు. రెండేళ్ళకి ఆవిడా కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ భారం తనదేనని అనుకుంటూనే వెళ్ళి ఉంటుంది. ఇది కూడా నా ఖాతాలోదే.

కర్మకాండ జరిగినన్ని రోజులూ, ఫ్లాట్ ఖాళీ చేసినన్ని వారాలూ ఆ కుండీలకి ఎవరూ చుక్క నీళ్ళు పోయలేదు. నేనూ పోయలేదు, పంతం పట్టి మరీ పోయలేదు. ఒక్క ఆకు పండలేదు. ఒక జెడ్‌జెడ్ మొక్క కొత్త చివురు కూడా వేసింది. చావమని మొక్కల మీద కసి పెంచుకునే రోజు నాకొస్తుందని ఎన్నడూ అనుకోలేదు. బతికున్న మొక్కని చెత్తలో వెయ్యడానికి మళ్ళీ ఆ చేతులే ఒప్పుకోక, అన్నీ కిందికి దించి, బ్లాకు కింద బెంచీల దగ్గర పెట్టి, కావలసినవారు తీసుకోండి అని కాగితం అంటించాను. మెట్లెక్కి తాళం వేసి వచ్చేసరికి ఒక్కటీ లేదు. ఎవరెవరి గుమ్మాల్లో ఉన్నాయో, ఏ ముసలివాళ్ళ తలుపుల ముందు పచ్చగా నిలబడి ఉన్నాయో. ఆ నెలాఖరుకే నర్సరీ మానేశాను. తౌకే కారణం అడిగితే మోకాళ్ళన్నాను.

ఇప్పుడు కాలం చాలా మారింది. మా చిన్నప్పుడు పాత బ్లాకుల్లో తలుపులు మూసుకునేది పడుకునేటప్పుడే. కారిడార్‌లో ఎవరు ఎదురైనా, చీనా ఆవిడైనా మలయ్ ఆయనైనా, మకాన్ అయిందా, అంటే అన్నం తిన్నావా, అని అడిగేవారు. ఇప్పుడు ఏసీలు వేసుకుని అందరం తలుపులు బిగించుకున్నాం. ఒంటరి ముసలివాళ్ళని చూడ్డానికి వారానికోసారి ఎవరో స్వచ్ఛందంగా వస్తారు, చక్కటి పిల్లలు, ఫారం పూర్తి చేసుకుని వెళతారు. మా అబ్బాయి నా చేతికి ఒక గడియారం కట్టాడు, పడితే వాడికి కబురు వెళుతుందట. మంచిదే. నేను వద్దనలేదు. కానీ దాన్ని చూసినప్పుడల్లా నాకు అనిపిస్తుంది, మనిషిని మనిషి కనిపెట్టుకుని ఉండడానికి ఎంతెంత శ్రమ పడాలో అదంతా పడకుండా ఉండే దారులు వెతకడంలోనే మన కాలమంతా గడిచిపోయింది, అందులో నేను ఆరితేరినదాన్నని.

ఇంకొక్క సంగతి ఉంది. ఇది మా ఇంట్లో వాళ్ళకి కూడా చెప్పలేదు. పాత మొక్కలున్న రోజుల్లో అక్క నాకు వారంలో మూడు నాలుగుసార్లు ఫోన్ చేసేది, అదీ సరిగ్గా నేను పనిలో తలమునకలుగా ఉన్నప్పుడే. మల్లె ఆకు పసుపెక్కుతోందే, ఎందుకంటావు? కనకాంబరానికి తెల్ల పురుగు పట్టింది, ఏటి చెయ్యమంటావు? నేను గొట్టం ఒక చేత్తో, ఫోన్ ఒక చేత్తో పట్టుకుని, నీళ్ళు ఎక్కువయ్యాయి, వేపనూనె కొట్టు, అని నాలుగు ముక్కల్లో జవాబు చెప్పేదాన్ని. కొత్త మొక్కలు పెట్టాక ఆ ఫోన్లు వాటంతటవే ఆగిపోయాయి. అడగడానికి ఏముంది గనక? హమ్మయ్య అనుకున్నాను కూడా. ఆవిడ పోయిన ఎన్నో నెలలకి, ఏదో పని చేసుకుంటూ ఉంటే ఉన్నట్టుండి తట్టింది. తొమ్మిదో ఏటి నుంచి మల్లె పెంచిన మనిషి అక్క. నాకు ఊహ తెలిసేనాటికే నా జడలో పెట్టే మల్లెలు ఆవిడ పెంచినవే. ఆకు ఎందుకు పసుపెక్కుతుందో ఆవిడకి తెలియదా? నేను మాత్రం ప్రతిసారీ ఆకు సంగతి చెప్పేసి, పనుందక్కా, ఉంటాను అని పెట్టేసేదాన్ని.